జత కూలి

మడతల వదిన యజమానితో పెట్టుకున్న ఒక గొడవ నేను కళ్ళారా చూశాను. ఆవిడ గెలవడమూ చూశాను. గెలవడానికి ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు, అదీ తమాషా.

మాది దుప్పట్లు ఉతికే లాండ్రీ. ఇళ్ళ బట్టలు ముట్టుకోం. హోటళ్ళవీ ఆసుపత్రులవీ పక్క దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు మూటలుగా వస్తాయి, మూటలుగా పోతాయి. వెనక షెడ్డులో ఉతుకుతారు. ముందు షెడ్డులో వేడి రోలరు మీద ఆరబెట్టి, బల్లల దగ్గర మడుస్తారు. ఆ రోలరు మీద తడి దుప్పటి ఎక్కించే పని నాది. అవతలి పక్క సెగలు కక్కుతూ దిగిన దుప్పటిని ఇద్దరు అందుకుని, చెరో రెండు మూలలూ పట్టి, వెనక్కి అడుగేసి లాగి, మళ్ళీ దగ్గరికొచ్చి కలపాలి. ఒంటిమనిషి వల్ల అయ్యే పని కాదు. అందుకే మడత బల్ల దగ్గర ఎప్పుడూ జతలే.

ఆ రోజు యజమానిని ఏ పురుగు కుట్టిందో, పని జరిగేటప్పుడు ఆడవాళ్ళెవరూ నోరు విప్పకూడదని చెప్పాడు.

"మీ కబుర్ల మధ్య రోలరు చప్పుడు కూడా వినపడి చావట్లేదు. ఇకనుంచి ఏ బల్ల దగ్గర మాట వినిపిస్తే ఆ బల్ల కూలి కోస్తాను."

"సరే సారూ," అంది వదిన.

అంతే, ఇక పెదవి విప్పలేదు. ఆవిడని చూసి మిగతా బల్లలవాళ్ళూ విప్పలేదు. మడత పనికి కావాల్సినవి రెండే మాటలు. రోలరు వైపు నిలబడే పెద్దామె అంచు చూసుకుంటుంది. దుప్పటి వదులుగా ఉంటే "చాలదు" అంటుంది, అవతలామె లాగుతుంది. అంచులు సరిపోయాక "చాలు" అంటుంది, అప్పుడు ఇద్దరూ ఎదురెదురుగా నడిచొస్తారు. ఆ రెండు మాటలూ పోయేసరికి ఒకామె లాగుతుంటే ఇంకొకామె నడిచొస్తోంది. దుప్పట్లు వంకరటింకరగా తయారయ్యాయి. విప్పి మళ్ళీ మడుస్తుంటే వెనకనుంచి వచ్చేవి పేరుకుపోయి రోలరు నోటికి అడ్డం పడ్డాయి. నేను రోలరు ఆపేశాను. నేనూ నోరు విప్పలేదు, నాకు మాత్రం కూలి చేదా.

యజమాని పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది? ఎందుకాపారు?"

వదిన మూతి మీద వేలు పెట్టి చూపించింది.

"అడుగుతుంటే చెప్పవేం?"

వదిన మళ్ళీ వేలే చూపించింది. వెనక బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు.

"సరే, పనిమాటలు మాట్లాడుకోండి," అన్నాడు. వదిన కదల్లేదు. బయట హోటలువాళ్ళ బండి హారన్ కొట్టింది. "సరే తల్లీ, ఏ మాటలైనా మాట్లాడుకోండి. నన్నొదిలెయ్యండి."

"మంచిది సారూ," అంది వదిన. "మీ ఆవిడకి మోకాళ్ళ నొప్పి తగ్గిందా?"

షెడ్డంతా లేచిన ఆ నవ్వు తగ్గేసరికి అరపూట పట్టింది.

ఆవిడ నాకంటే చిన్నది. అయినా లాండ్రీలో అందరికీ వదినే, నాకూ వదినే. ఆవిడ నన్ను పెద్దక్కా అంటుంది. పొట్టి మనిషి, గట్టి మనిషి. దుప్పటి మడుస్తుంది గానీ నాలుక మడత పెట్టదు. మొగుడు గోడౌనులో బస్తాలు మోసేవాడు. నడుం పడిపోయాక గడప దగ్గర స్టూలు వేసుకుని జనం తెచ్చిచ్చే స్టవ్వులు బాగుచేస్తుంటాడు. వాటి మీద వచ్చేది వాటికి కావాల్సిన పిన్నులకీ వాషర్లకీ సరిపోతుంది. ఇల్లు నడిచేది వదిన చేతుల మీదే. రెండు గదులు, ముందు గది గోడ అవతల ఆవిడ ఆడపడుచు గది. ఆ గోడలో చిన్న కంత ఉంది. దాంట్లో ఒక బల్బు వేలాడుతుంది. రెండిళ్ళకీ అదే వెలుతురు, కరెంటు బిల్లు చెరిసగం.

వదిన జత ఆ ఆడపడుచే. ఎక్కడో లారీ తోలే మొగుడు గుర్తొచ్చినప్పుడు డబ్బు పంపుతాడు, ఆయనకి గుర్తు రావడం తక్కువ. బడికెళ్ళే కూతురుంది. లాండ్రీలో చేరిన రోజునుంచీ వదినకి ఎదురుగానే నిలబడింది. ఇద్దరూ దుప్పటికి రెండు కొసల్లో నిలబడి ఇంటి తగాదాలన్నీ అక్కడే తీర్చుకునేవాళ్ళు. "నా గిన్నె నీ ఇంట్లో ఉందేమో చూడు. చాలదు." "నాకెందుకు నీ సొట్ట గిన్నె." "సొట్ట కొట్టింది నీ అన్నే. చాలు." ఇద్దరూ నడిచొచ్చి అంచులు కలిపేవాళ్ళు. ఆ బల్ల నుంచి వెళ్ళిన దుప్పటి తిరిగి రావడం నేనెరగను.

మాకు జత కూలి. అంటే వారం చివర జతకి ఒకటే కవరు. జతలో పెద్దామె చేతికిస్తారు. ఆవిడ అక్కడే బల్ల మీద రెండు సగాలు పెడుతుంది. చిన్నామె తనకి నచ్చిన సగం ముందు తీసుకుంటుంది. ఈ పద్ధతి ఎవరు పెట్టారో మాకెవరికీ తెలియదు గానీ, పంచేవాళ్ళకి వంకరబుద్ధి పుట్టకుండా ఉండడానికి ఇంతకంటే మంచి పద్ధతి నేను చూడలేదు. ముందు తీసుకునేది అవతలివాళ్ళని తెలిస్తే చెయ్యి దానంతటదే తిన్నగా పంచుతుంది.

ఒకరోజు పొద్దున మేం వెళ్ళేసరికి వెనక షెడ్డు ముందు అద్దాలకి నల్ల కాగితం అంటించిన వ్యాను ఆగి ఉంది. ఆరుగురు ఆడవాళ్ళు దిగారు. తలా ఒక ప్లాస్టిక్ సంచీ, అంతకు మించి ఏమీ లేదు. కాగితాలేవీ లేకుండా సరిహద్దు దాటి వచ్చినవాళ్ళు. సబ్బు పొడి బస్తాల కొట్టు మీద ఒక గది ఉంది, అందులో దింపారు. మా మాట వాళ్ళకి రాదు, వాళ్ళ మాట మాకు రాదు. వాళ్ళ తరపున మాట్లాడిందంతా ఆ వ్యానువాడే.

యజమాని మమ్మల్ని పిలిచి చెప్పాడు. "ఊరవతల లాండ్రీవాడు ఏడాదిగా ఇలాంటివాళ్ళతోనే పని చేయిస్తున్నాడు. నేను తీసుకునే రేటులో సగానికే ఉతికిస్తానని హోటళ్ళ చుట్టూ తిరుగుతున్నాడు. హోటలువాళ్ళు నన్నూ ఆ రేటుకే రమ్మంటున్నారు. నన్నేం చెయ్యమంటారో మీరే చెప్పండి."

అబద్ధం కాదది. ఆయన ఆ మధ్య కొన్న కొత్త కారూ అబద్ధం కాదు.

"ప్రతి జతలోనూ పెద్దామె ఉండండి, కొత్తవాళ్ళకి పని నేర్పండి. చిన్నామెలు కొన్నాళ్ళు ఇంటి దగ్గరుండండి. కబురు చేస్తాను."

ఆ కబురు ఇంతవరకూ ఎవరికీ రాలేదు. ఇంటికెళ్ళినవాళ్ళలో ఒకామె ఇళ్ళల్లో అంట్లు తోమే పని అడగబోతే, అక్కడా ఇదే పాట. "కొత్తగా వచ్చినవాళ్ళు ఇందులో సగానికే చేస్తున్నారమ్మా, నీకెందుకిస్తాం," అన్నారట. ఇంకొకామె మార్కెట్లో ఉల్లిపాయలు ఏరే పనికి పోయింది. వదిన ఆడపడుచు ఎక్కడికీ పోలేదు. ఇంట్లో కూర్చుంది. కూర్చుని గోడ కంతకి అటువైపు పాత చీరముక్క అడ్డం కట్టింది. వెలుతురు పోయినా పర్లేదు, వదిన మొహం కనపడకూడదన్నమాట.

వదినకి ఎదురుగా నిలబెట్టినామె ముప్పై దాటిన మనిషి. సన్నగా ఉంటుంది, మణికట్లు మాత్రం ఇనుపకడ్డీలు. మొదటి రోజు దుప్పటి వదులైతే వదిన అలవాటుకొద్దీ "చాలదు" అంది. తిట్టిందనుకుని ఆవిడ బెదిరి దుప్పటి వదిలేసింది. అది పోయి నేలమీద పడింది, మళ్ళీ ఉతుక్కి పోయింది.

పక్క బల్లామె గొంతు తగ్గించి అంది. "నేర్పకు వదినా. ఆవిడకి పనొచ్చిన రోజు నిన్నూ ఇంటికి పంపుతాడు. నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటావా?"

"నేర్పకపోతే ఈ వారం కూలి ఎక్కణ్ణించి వస్తుంది?" అంది వదిన. "ఆవిడ దుప్పటి పాడైతే కోసేది నా కవరే. గొయ్యి సంగతి తర్వాత, ముందు అద్దె కట్టాలి."

నేర్పింది. "చాలదు" అని తన కొస పట్టి లాగి చూపించేది. "చాలు" అని నడిచొచ్చేది. సాయంత్రానికల్లా కొత్తామె కూడా "చాలదు, చాలదు" అంటూ లాగడం మొదలుపెట్టింది. మా మాటల్లో ఆవిడకి వచ్చినవి ఆ రెండే. మిగతావన్నీ సైగలు. పిల్లలెంతమంది అని వదిన సైగ చేస్తే, బల్ల ఎత్తుకి ఒక చెయ్యి పెట్టింది, దానికి కాస్త కింద ఇంకో చెయ్యి పెట్టింది. వాళ్ళిప్పుడు ఎక్కడ అంటే, తల అవతలికి తిప్పి దుప్పటి అందుకుంది. వదిన మళ్ళీ అడగలేదు.

వారం చివర యజమాని వదినని పక్కకి పిలిచాడు. "జత కవరు ఇదిగో. నీ సగం నీది. ఆవిడ సగంలో సగం ఆవిడకియ్యి, మిగిలింది నువ్వే ఉంచుకో. పని నేర్పావుగా."

వదిన ఉంచుకుంది. ఇందులో దాచడానికేం లేదు. ఆ డబ్బుతో మొగుడికి నడుం పట్టీ కొంది. "ఎక్కడిదే ఇది?" అని ఆయన అడిగితే, "లాండ్రీలో ఇచ్చార్లే, కట్టుకో," అంది.

పై వారం కవరు పలచబడింది. విప్పి చూసి మళ్ళీ యజమాని దగ్గరికెళ్ళింది.

"రేటు తగ్గించాను," అన్నాడాయన. "కొత్తవాళ్ళు చేస్తున్నారుగా తక్కువకి. నీకొక్కదానికే ఎక్కువెందుకివ్వాలి?"

వదిన బల్ల దగ్గరికొచ్చి కవరు బోర్లించింది. తర్వాత కవరులోది రెండు సమానమైన సగాలు చేసి, కొత్తామె ముందుకి జరిపి, తీసుకోమన్నట్టు ఆగింది. ఆవిడకి మా పద్ధతి తెలియదు. చేతులు కట్టుకుని చూస్తోంది. వదిన ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఒక సగం మీద పెట్టింది. ఆవిడ ఆ డబ్బునీ వదిన మొహాన్నీ మార్చి మార్చి చూసింది.

నేను ఊరుకుంటానా. "ఏం వదినా, పుణ్యం మూటగట్టుకుంటున్నావా?"

"పుణ్యమా పాడా. పోయిన వారం ఆవిడ సగంలోంచి కోసి నా చేతిలో పెట్టాడు. ఈ వారం నా సగంలోంచి కోశాడు. ఆవిడది ఎంత తక్కువైతే నాదీ అంతకే వస్తుంది పెద్దక్కా. ఇద్దరం ఒకే దుప్పటి పట్టుకున్నాం, అటు కొస జారితే ఇటు కొస నిలుస్తుందా?"

మిగతా బల్లలవాళ్ళు అది చూశారు. కొత్తవాళ్ళు ఆ రాత్రి సబ్బు కొట్టు మీద గదిలో ఏం మాట్లాడుకున్నారో గానీ, మర్నాటి నుంచి ప్రతి బల్ల దగ్గరా కొత్తామెలు తమ పెద్దామెల చేతివైపే చూడసాగారు. సంగతి యజమాని చెవిన పడింది. ఈసారి జత కవర్లు ఉండవు, ఎవరి కవరు వాళ్ళకేనన్నాడు. అన్నేళ్ళ పద్ధతి అంత తేలిగ్గా పోయింది.

ఆ కవర్లిచ్చే రోజు జరిగిందానికి నవ్వాలో ఏడవాలో మాకెవరికీ తోచలేదు.

యజమాని తలుపు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్నాడు. కొత్తవాళ్ళు ముందు వరసలో, మేం వెనక వరసలో. వదిన ఎదురు జతామె అందరికంటే ముందుంది. ఆయన కవరు చాచాడు. ఆవిడ రెండు చేతులా పట్టుకుంది. ఆయన వదల్లేదు. "బయట తిరక్కూడదు, ఎవరికీ చూపించకూడదు," అని వాళ్ళకి తెలియని మా భాషలో చెబుతూ కవరు అలాగే పట్టుకు కూర్చున్నాడు. అటు కొస ఆయన చేతిలో, ఇటు కొస ఆవిడ చేతిలో. పొద్దుటినుంచి దుప్పట్లు లాగిలాగి ఉన్న మనిషి, ఎదుటివాళ్ళు బిగపట్టి నిలబడితే ఏమనాలో ఆవిడకి ఒక్కటే తెలుసు.

"చాలదు," అంది. అని లాగింది.

యజమాని నోరు తెరిచాడు. కవరు ఆవిడ చేతిలోకి వచ్చింది. ఆవిడ నవ్వు మొహంతో పక్కకి జరిగింది, పని సరిగ్గా చేశానన్నట్టు.

తర్వాతామె వచ్చింది. ముందామె అన్నదిగా, కవరు అందుకునేటప్పుడు ఇక్కడ ఇలాగే అనాలి కాబోలనుకుంది. "చాలదు," అని లాగింది. మూడో ఆమె, "చాలదు." ఆరుగురూ అదే మాట, అదే లాగుడు. ఆరో ఆమెకి ఆయన కవరు చాచకుండా బల్ల మీద విసిరేశాడు. ఆవిడ దాన్ని తీసుకుని, లాగడానికి అవతల ఎవరూ లేకపోయినా మర్యాద తప్పకుండా "చాలదు" అనే వెళ్ళింది.

మా వరసలో మొదట నవ్వులు మొదలయ్యాయి. యజమాని మొహం చూశాక ఆగిపోయాయి.

"ఎవరిది ఈ పని?" అన్నాడు. కళ్ళు తిన్నగా వదిన మీదికే వచ్చాయి. "కాగితాల్లేని మనుషులు నా మొహం మీద చాలదంటారా? నువ్వేగా నేర్పింది?"

"నేనే నేర్పాను సారూ. నాకు అప్పజెప్పిన పని అదేగా."

"తెలియక అన్నారని అందరి ముందూ చెప్పు. తప్పని వాళ్ళచేత ఒప్పించు. లేకపోతే రేపటినుంచి నువ్వు రానక్కర్లేదు."

వదిన కొంగు చేతిలోకి తీసుకుంది. ఇంట్లో స్టూలు మీద కూర్చున్న మొగుడున్నాడు. కట్టాల్సిన అద్దె ఉంది. తెలియక అన్నారు సారూ, పిచ్చి మొహాలు, అని నవ్వేస్తే ఆయనా నవ్వేసేవాడు, ఆ పూటకి గండం గడిచేది. నా పక్కనే ఉంది కాబట్టి చూశాను, ఆవిడ చేతిలో చీర కొంగు నలిగి తాడైంది.

"వాళ్ళకి తెలియకే అన్నారు సారూ," అంది. "నేను తెలిసే అంటున్నాను. చాలదు."

మా వరసలోంచి ఇంకెవరో అన్నారు, "చాలదు." ఇంకొకరు. నేనూ అన్నాను. అప్పటికే ఆసుపత్రి మూటలు వెనక షెడ్డు గుమ్మం దాకా పేర్చి ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే పంపాలి. ఆయన లెక్కలు ఆయనకుంటాయిగా.

ఆ సాయంత్రం వదినని ఆఫీసు గదిలోకి పిలిచి కూర్చోబెట్టాడు. అన్నేళ్ళలో ఆవిడ ఆ గదిలో కుర్చీ మీద కూర్చోవడం అదే మొదలు. కాస్త ముందుకి జరిగి అంచున కూర్చుందట.

"పాత రేటు ఇవ్వలేను," అన్నాడు. "ఇస్తే హోటళ్ళు పోతాయి. తగ్గించిన రేటులో సగం వెనక్కి పెంచుతాను. జత కవరు మళ్ళీ పెడతాను, మీ పద్ధతే. సరేనా?"

"కొత్తవాళ్ళకీ అదేనా?"

"అక్కడికే వస్తున్నాను. ఎవరికైనా ఒకే కూలి అయితే నాకు కొత్తవాళ్ళెందుకు? భయపడుతూ భయపడుతూ వాళ్ళని దాచిపెట్టుకోవడం దేనికి? తక్కువకి చేస్తారనేగా తెచ్చింది. నీ ఆడపడుచుని పిలిపించుకో, పాత జతే కట్టండి. నీ ఎదురుగా నిలబడే కొత్తామెని వ్యానువాడికి అప్పగించేస్తాను. ఇద్దరిలో ఎవరు నీ జతో సోమవారానికి చెప్పు."

మిగతా బల్లల సంగతి మిగతా పెద్దామెలు చూసుకోవాలట. ముందు వదిన తేల్చుకుంటే దాన్నిబట్టి వాళ్ళూ తేల్చుకుంటారని ఆయన ఎత్తు. వదిన సరేననీ అనలేదు, కాదనీ అనలేదు. లేచి వచ్చేసింది.

ఇంటికెళ్ళేసరికి ఆడపడుచు గడప మీద కూర్చుని ఉంది. ఎవరి నోటి ద్వారానో సంగతంతా అప్పటికే చేరింది.

"విన్నాను వదినా. గెలిచావటగా."

"ఏం గెలిచానో నాకే తెలియదు."

"తెలియకపోవడమేముంది. నా చోటు నాకిమ్మన్నాడట. నువ్వే నోరు మూసుకుని వచ్చావట. ఆ కొత్తామె చేతులు నీకు బాగా నచ్చినట్టున్నాయి."

"నీ చేతులకేం వచ్చింది, అవీ మంచివే. నోటితోనే నాకు ఇబ్బంది."

ఆడపడుచు నవ్వలేదు. "నా కూతురి బడి ఫీజు కట్టలేదు. నా కాళ్ళ మీద నేను బతికినదాన్ని, ఇప్పుడు అన్నయ్య దగ్గర చెయ్యి చాస్తున్నాను. ఆయనకే లేదు పాపం. ఆవిడెవరో నాకు తెలియదు, ఆవిడ మంచిదే కావచ్చు. నా చోట్లో నిలబడి ఉంది, నాకు అంతవరకే తెలుసు. సోమవారం తేలకపోతే తనిఖీ ఆఫీసుకి ఫోన్ చేస్తాను. కొట్టు మీద గదిలో ఎవరున్నారో వాళ్ళే వచ్చి చూసుకుంటారు."

"చేస్తే లాండ్రీకి తాళం పడుతుంది. అందరి పనీ పోతుంది."

"నాది ఎప్పుడో పోయిందిగా."

లోపల్నుంచి వదిన మొగుడు అన్నాడు. "అది అన్నదాంట్లో తప్పేముందే? ఇంటి మనిషిని వదిలి, ఎవరో దారినపోయేదాని కోసం..."

"నువ్వు ఊరుకో. నీ పట్టీ బిగించుకో," అంది వదిన. ఆ పట్టీ ఎవరి సగంలోంచి వచ్చిందో ఆయనకి తెలియదు. ఆవిడకి తెలుసు. ఆ రాత్రి మంచం మీద అటు దొర్లీ ఇటు దొర్లీ తెల్లారబెట్టిందని మర్నాడు ఆయనే నాతో చెప్పాడు.

ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికొచ్చింది. నేను టీ పెట్టాను. ముట్టుకోలేదు. నా చేతుల వంక చూస్తూ కూర్చుంది.

"ఏంటట్లా చూస్తున్నావు, నా చేతులేమైనా కొత్తగా మొలిచాయా?"

"పెద్దక్కా, ఊరవతల లాండ్రీవాడు కొత్తవాళ్ళకి పావు కూలే ఇస్తాడట. వ్యానువాడు ఆవిడని తీసుకెళ్ళి దింపేది అక్కడే. ఇక్కడ మనతో సమానంగా తీసుకుంటున్న మనిషిని అక్కడికి తోస్తే, అక్కడ పావుకి మడుస్తుంది. అప్పుడు ఈ హోటలు మూటలన్నీ అటే పోతాయి. మనకి మళ్ళీ కోత. మా ఆడపడుచుకి ఇప్పుడొచ్చిన చోటు ఆర్నెల్లు కూడా నిలవదు."

"అయితే ఆవిడనే ఉంచుకో."

"ఉంచుకుంటే మా ఆడపడుచు ఫోన్ చేస్తుంది. చేస్తానంటే చేసే రకం, అది మా ఇంటి మనిషేగా." కొంగుతో మొహం తుడుచుకుంది. "దానిదీ తప్పు కాదు. పిల్ల ఫీజు కట్టలేదు."

"మరేం చేస్తావు?"

ఆవిడ టీ గ్లాసు చేతిలోకి తీసుకుంది, చల్లారిందని మళ్ళీ పెట్టేసింది. వదిన నీళ్ళు నమలడం నేనెప్పుడూ చూడలేదు. అందుకే నాకు ఏదో శంక పట్టింది.

"ఒకటి అడుగుతాను. తిట్టు, కావాలంటే లేచి పొమ్మను. కానీ పూర్తిగా విన్నాక అను."

"అడిగి చావు."

"రోలరు మీదికి కాగితాల్లేనివాళ్ళని సారు ఎన్నటికీ ఎక్కించడు. చెయ్యి కాలితే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, అక్కడ నువ్వెవరని అడుగుతారు. మడత బల్ల దగ్గర ఇవాళ కాకపోతే రేపు ఎవరి చోటైనా పోతుంది, నాదైనా. రోలరు చోటు మాత్రం పోదు. మొత్తం షెడ్డులో అదొక్కటే."

తలుపు దగ్గర మా మనవడి చెప్పులు చూస్తూ కూర్చున్నాను.

"నీ కొడుకు పని మానెయ్యమని ఎప్పటినుంచో అంటున్నాడు. నువ్వెందుకు మానవో నాకు తెలుసు. ఇంట్లో కూర్చుంటే ప్రతిదానికీ కోడలి మొహం చూడాలి."

"అది నా ఇంటి సంగతి."

"నీ ఇంటి సంగతే. నా ఇంటి సంగతి నీ ముందు పెట్టాను కాబట్టి నీదీ తీశాను." ఈసారి నా కళ్ళలోకే చూసింది. "రేపు పొద్దున నాకంటే ముందు నువ్వు సారు దగ్గరికెళ్ళు పెద్దక్కా. రోలరు దిగుతున్నానని చెప్పు. చేతులు నొప్పులంటావో, కళ్ళు ఆనడం లేదంటావో, నీ ఇష్టం. నేను అడిగానని మాత్రం అనకు. నా బదులు మడతల వదిన ఆడపడుచుని ఎక్కించండి, ఆ పిల్లకి కాగితాలన్నీ ఉన్నాయని నీ నోటితోనే చెప్పు. చెప్పాక ఒక వారం దాన్ని పక్కన నిలబెట్టుకుని, చెయ్యి కాలకుండా దుప్పటి ఎక్కించడం నేర్పి, అప్పుడు దిగు."